ఐదు గ్రూపుల తుపాకీ

ఖతార్‌లోని ఐన్ ఖాలిద్‌లో సెక్యూరిటీ సూపర్‌వైజరుగా నా చేతిలో ఉండేవి వాకీటాకీ, విజిటర్ల రిజిస్టరు. ఇక్కడ ప్రైవేటు గార్డుకు తుపాకీ ఇవ్వరు. నాకదే మేలు, సర్వీసంతా వాటి మధ్యే గడిచింది. సైన్యంలో మరమ్మతులు చూసే ఈఎంఈలో ఆర్మరర్‌ని. వేరేవాళ్ళు పేల్చిన తుపాకుల జబ్బులు కుదర్చడం నా పని.

మా షిఫ్టులోని జగిత్యాల కుర్రాడు ఒకరోజు అడిగాడు: "అన్నా, నీకు అన్నిట్ల ఏ గన్ను మంచిగనిపించింది?" ఏకే అంటానని వాడి ఆశ. ఎల్ఎంజీ అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

ఎల్ఎంజీ, అంటే లైట్ మెషిన్ గన్, మాకు బ్రెన్. ఇంగ్లీషువాడి తుపాకీ అనుకుంటారు గానీ దాని పుట్టిల్లు చెకొస్లొవేకియాలోని బర్నో. తుపాకీ పనివాడిగా మొదలైన వాత్స్లావ్ హోలెక్ గీసిన నమూనాను ఆ దేశపు సైన్యం 1926లో తీసుకుంది. అదే జెడ్‌బీ 26. పైన ఇరవై తూటాల నిటారు మ్యాగజైన్, బారెల్ చుట్టూ గాలికి చల్లబడే రెక్కలు. అదే ఫ్యాక్టరీ మౌజర్ రైఫిళ్ళు చేసి ఇరాన్‌కూ అమ్మింది; ఇక్కడి నుంచి సముద్రం దాటితే ఆ ఇరానే. జెడ్‌బీని చైనా కొనుక్కుంది, కాపీలూ చేసుకుంది.

దాన్నే తమ సైన్యానికి మలుచుకోబోయిన బ్రిటన్‌కు చిక్కు తూటాతో వచ్చింది. .303 తూటా అడుగున అంచు పొడుచుకొచ్చి ఉంటుంది. పై తూటా అంచు కింది దాని అంచు వెనక పడిందా, తుపాకీ అక్కడే మొరాయిస్తుంది. అందుకే మ్యాగజైన్ కొడవలిలా వంగింది. ముప్ఫై పట్టేదాంట్లో ఇరవై ఎనిమిదే నింపమనేవారు. ఆ తూటాలోని కార్డైట్ మసి ఎక్కువ పెడుతుంది కాబట్టి గ్యాస్ రంధ్రాన్ని బారెల్ మొదలు వైపు జరిపారు, రెక్కలు తీసేశారు. ఇలా మార్చి మార్చి 1937 సెప్టెంబరులో ఎన్‌ఫీల్డ్‌లో బ్రెన్ తయారీ మొదలుపెట్టారు. ఏడాదిన్నర గడిచిందో లేదో, 1939 మార్చి 15న జర్మన్లు బర్నోలో దిగారు. ఫ్యాక్టరీ చేజిక్కించుకుని, జెడ్‌బీలకు ఎంజీ 26 అని పేరు పెట్టి తామే వాడుకున్నారు. ఇంత మంచి తుపాకీ చేసినవాళ్ళకు తమ ఊరి కోసం దాన్ని ఒక్కసారి పేల్చే అవకాశమే రాలేదు. ఈ సంగతి మాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.

మన సైన్యం మొదట బ్రెన్‌ని ఎంచుకోలేదు. 1933లో విక్కర్స్-బెర్తియే తీసుకుంది, ఈశాపూర్‌లో చేయించింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రెన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టింది. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊరిని మిలిటరీ మాధవరం అంటారు. బర్మాలో బ్రెన్ మోసిన తాతలు మా చిన్నప్పుడు రచ్చబండ మీదే దొరికేవారు.

నేను చూసింది 7.62 తూటాకి మార్చిన బ్రెన్. మ్యాగజైన్ వంకర చాలా తగ్గింది, లోపల మనిషి మాత్రం హోలెక్ మనిషే. ఉస్తాద్ "ఖోల్నా" అనగానే పిస్టన్, బారెల్, బట్, బాడీ, బైపాడ్: ఐదు గ్రూపులు వరసగా విడిపోవాలి, చీకట్లోనైనా సరే. నట్టు లివర్ ఎత్తి, హ్యాండిల్ పట్టుకుని ముందుకు తోస్తే కాలిన బారెల్ ఊడి వస్తుంది. మరోటి ఎక్కించి మళ్ళీ కాల్చడమే. మ్యాగజైన్ పైన అడ్డుగా ఉంటుంది కాబట్టి సైట్లు ఎడమకు జరిగి ఉంటాయి. కొత్త జవాను మొదటి వారం దాన్ని తిట్టుకోకుండా ఉండడు.

ఆయుధాలు దాచే కోత్‌కి "ఉస్తాద్, తుపాకీ చెడిపోయింది" అంటూ తెచ్చినవాటిలో సగానికి తుపాకీ తప్పే ఉండేది కాదు. మ్యాగజైన్ పెదవి వంగి ఉండేది, లేదా గ్యాస్ రెగ్యులేటర్ మసితో మూసుకుపోయి ఉండేది. రెగ్యులేటర్‌కి నాలుగు రంధ్రాలు. రెండో నంబరుతో మొదలుపెట్టి, తుపాకీ మందగిస్తే పెద్దదానికి తిప్పాలి. తుడవడానికి బద్ధకించి నాలుగుకి తిప్పి కాల్చేవాళ్ళుంటారు. దెబ్బలన్నీ భాగాలు తింటాయి. వాటిని మార్చేది మళ్ళీ నేనే.

గేటు దగ్గర నాతో డ్యూటీ చేసే నేపాలీ దాజూ గూర్ఖా రెజిమెంట్‌లో ఎల్ఎంజీ నంబర్ వన్. రెగ్యులేటర్‌ని మూడో నంబరుతోనే మొదలుపెట్టాలని ఇప్పటికీ వాదిస్తాడు. పేల్చినవాడు కదా, అలాగే అంటాడు.