నడుం నొప్పికి బిళ్ల ఒక్కటే దారా?

నాట్ల రోజుల్లో దివిసీమలో ఏ ఊరెళ్లినా ఆడకూలీల నోట ముందొచ్చేది నడుం నొప్పి మాటే. పొద్దస్తమానం బురదలో వంగి నాటి, రాత్రికి ఓ నొప్పి బిళ్ల మింగి, తెల్లారితే మళ్లీ మడిలోకి. గుడివాడ వైపు ధాన్యం బస్తాలు మోసేవాళ్లకీ, చిలకలపూడిలో తలొంచుకుని రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాళ్లకీ ఇదే బాధ. ఆ బిళ్లలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

మూడు నెలలు దాటినా తగ్గని నడుం నొప్పి గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలిచ్చింది. వ్యాయామం, మర్దన, నొప్పి గురించి ఓపిగ్గా వివరించి చెప్పడం మేలంది. నడుం బెల్టులు, బరువులు కట్టి నడుమును లాగే ట్రాక్షన్ వద్దంది. మనవాళ్లు డబ్బు పోసి కొనేది ఆ బెల్టులే, అదే నా బాధ. మంచం పట్టి పడుకుంటే కండరాలు ఇంకా నీరసిస్తాయి. మెల్లగా నడవాలి. నడుంతో పాటు మోకాళ్లూ నొప్పెడుతుంటే కుర్చీలో కూర్చుని కాలు చాచి, కాసేపు నిలిపి దించాలి. అమ్మమ్మలు పెట్టిన ఉప్పు కాపడమూ హాయినిస్తుంది. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగినా మాత్రం వెంటనే ఆసుపత్రికే.

బందరుకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కణ్ణుంచి వారానికోసారి ఒక ఫిజియోథెరపిస్టు నాగాయలంక, కోడూరు దాకా వచ్చి ఆశా కార్యకర్తలకు ఈ వ్యాయామాలు నేర్పితే ఎంత బావుణ్ణు!