అమ్మకానికి గుర్రం, అవలక్షణాలతో సహా

మా టీంలో ఒకావిడ తన గుర్రాన్ని అమ్ముతోంది. మేముండేది వర్జీనియాలో లౌడన్ కౌంటీ. ఆష్‌బర్న్ వైపు డేటా సెంటర్లూ, మనవాళ్ళూ. అదే కౌంటీలో మిడిల్‌బర్గ్ వైపు గుర్రాలూ, నక్కల వేటలూ. ప్రకటన రాశాను, ఓసారి చూసిపెట్టమంది. పెళ్ళి ఊరేగింపుల్లో తప్ప గుర్రాన్ని దగ్గర్నుంచి చూడని నన్ను!

దానిది సంకరజాతి. బరువులు లాగే పెర్షెరాన్ ఒకవైపు, పందేల్లో పరిగెత్తే థరోబ్రెడ్ ఇంకోవైపు. మొదటిదాన్నుంచి ఒడ్డూ పొడుగూ, నిదానం. రెండోదాన్నుంచి వేగం వస్తాయని ఆశ. ఎత్తు 16.2 అట. దశాంశం కాదండోయ్, 16 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు. హ్యాండంటే 4 అంగుళాలు, కాబట్టి 16.3 తర్వాత వచ్చేది 17. మా సాఫ్ట్‌వేర్‌కి వెర్షన్ నంబర్లు పెట్టేవాడు ఈ వంశం వాడే అయ్యుండాలి.

కంచెలు బాగా దూకుతుంది. వేటలో (ఇక్కడ చాలామటుకు నక్కని తరమడమే, చంపడం కాదు) కుక్కల గుంపు మధ్య బుద్ధిగా నిలబడుతుంది. తన్నే గుర్రాలకి తోకకి ఎర్ర రిబ్బన్ కడతారు, దీనికి ఆ అవసరమే రాలేదు. ఇంతవరకూ మన రెజ్యూమెలాగే ఉంది. ఆ కిందే నాకు మతిపోయింది: "ట్రైలర్ ఎక్కడానికి మొరాయిస్తుంది. వేట జోరందుకుంటే ఆపడం కష్టం. స్వారీ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పనికిరాదు."

ఇవన్నీ రాయాలా అనడిగాను. కొనేవాళ్ళు ఎలాగూ డాక్టర్ని తెచ్చుకుంటారు, కాలు కాసేపు మడిచి పట్టుకుని, వదిలి పరిగెత్తించి కుంటుతోందేమో చూస్తారు కదా.

"కాళ్ళు చూస్తారు. బుద్ధి ఎవరు చూస్తారు? ఎవరో కూతురికి కొంటారు, ఆ పిల్ల కంచె దగ్గర పడితే?" అంది. పడకపోయినా, వేగలేక మూణ్ణెల్లకి వేలానికి తోలేస్తారట. అమెరికాలో ఆఖరి గుర్రాల కబేళాలు 2007లో మూతబడ్డాయి గానీ, వేలాల్లో కొన్న గుర్రాల్ని లారీలకెక్కించి మెక్సికోకీ, కెనడాకీ తోలడం ఆగలేదు. అక్కడ లెక్క బరువుని బట్టి. ప్రకటనలో గొప్పగా చెప్పుకున్న ఆ ఒడ్డూ పొడుగే అప్పుడు దాని ప్రాణానికొస్తుంది.

అందుకే ఇంకో షరతు: మళ్ళీ అమ్మాలనుకుంటే ముందు ఆవిడనే అడగాలి. అడిగిన ధరకన్నా ఎక్కువిస్తానన్నాడు ఒకాయన, స్వారీ చేసి చూడ్డానికి తీరికలేదట. ఇవ్వనంది. శాల అద్దె, మేత ఖర్చూ నెలనెలా ఆవిడే కట్టుకుంటోంది.

మీలో ఎవరికైనా నిజంగా గుర్రం కావాలంటే చెప్పండి. ట్రైలర్ మాత్రం మీరే ఎక్కించుకోవాలి.