ముందు చాప పట్టే పిల్ల

మా మోర్తాడ్ పేరు చెబితే పసుపు, ఎర్రజొన్న, బీడీలు చేసే ఆడవాళ్లు గుర్తుకొస్తారు. అలాంటి ఊరి ఇల్లాలికి పడవల సంగతేం తెలుసని రాస్తోంది అనుకుంటున్నారా? నిజమే. శ్రీరాంసాగర్ మాకు దగ్గరే అయినా, కాలువల్లో నీళ్లు వదిలితే సంతోషపడటమే తప్ప పడవల జోలికి పోయింది లేదు. తెరచాప ఎత్తిన పడవను దగ్గరగా చూసింది నిరుడు వానకాలంలో, హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ మీద.

మా చెల్లెలి కూతురికి పదిహేనేళ్లు. రెండేళ్లుగా సెలవు రోజుల్లో అక్కడ సెయిలింగ్ నేర్చుకుంటోంది. ఒకరోజు వీళ్ల పడవ బోల్తా పడింది. ఇద్దరు పిల్లలూ పడవను లేపుకుని క్షేమంగానే వచ్చారు. ఇంట్లో మాత్రం పెద్ద గొడవ. "ఆడపిల్లకు నీళ్ల మీద ఏం పని? ఎండకు నల్లగైంది. అయినా పడవ నడిపేది ఇంకో పిల్లనట. ఇది ముందర గుడ్డ పట్టుకొని కూసుంటదట. గంత దానికి ఇంత కష్టమా?" అని వాళ్ల నానమ్మ. మా చెల్లె ఎటూ చెప్పలేక, "అక్కా, నువ్వొచ్చి ఒకసారి చూడు. నువ్వు వద్దంటే మాన్పిస్తా" అని ఫోన్ చేసింది. ఒక పిల్ల ఇష్టం నా మాట మీద ఆగిందంటే ఊరికే ఉండగలనా? మర్నాడే బస్సెక్కాను.

ఆ పడవ పొడవు 4.20 మీటర్లు. అందుకే దాని పేరు 420. వెనక కూర్చున్న పిల్ల చుక్కాని, పెద్ద చాప చూసుకుంటుంది. ముందున్న చిన్న చాపను జిబ్ అంటారు, అది మా పిల్లది. మనం కట్టుకునే చీరను పరిస్తే ఆరు చదరపు మీటర్లు ఉంటుంది కదా, ఈ జిబ్ అందులో సగం కూడా ఉండదు. ఇంతేనా అనుకున్నాను. కానీ పెద్ద చాప పడవ ముక్కును గాలివైపు తిప్పాలని చూస్తే, ఈ చిన్నది అవతలికి నెడుతుంది. రెండూ కుదిరితేనే పడవ తిన్నగా పోతుందట.

చాప కట్టడం ఒడ్డు మీదే చూశాను. ముందు కింది మూలను పడవ ముక్కు దగ్గర కొక్కేనికి తగిలించింది. పై మూలను స్తంభం మీదుగా వచ్చే తాడుకు తగిలించి పైకి లాగింది. ఆ తాడు బాగా బిగువుగా ఉండాలి. వదులైతే చాప ముందంచు ముడతలు పడుతుంది, తీగ సాగితే ఆరేసిన చీర జారినట్టు. మూడో మూలకు కట్టిన తాడును 'షీట్' అంటారట. దుప్పటి అనుకునేరు, తాడే! దాని రెండు కొసలూ కుడికొకటి, ఎడమకొకటి కళ్లెంలా వస్తాయి. జారిపోకుండా కొసకు ఎనిమిది అంకెలాంటి ముడి వేసింది.

"గట్టిగా గుంజితే జోరుగా పోతుందా?" అని అడిగాను. పిల్ల నవ్వింది. "గట్టిగ గుంజుడు కాదు పెద్దమ్మా. ముందుగాల తాడు ఇడువాలె. చాప ముందంచు రెపరెపలాడుతది. అప్పుడు మెల్లగ గుంజుకుంటూ రావాలె. రెపరెప ఆగిన కాడ ఆపాలె. అంతకన్నా గుంజితే గాలి ఆడక పడవ మొద్దుబారుతది."

చాపకు రెండు వైపులా ఉన్ని దారం ముక్కలు అతికించి ఉన్నాయి. గాలి వచ్చే వైపు దారం ఎగిరిపడితే తాడు కొంచెం లాగాలి, అవతలి వైపుది చిందులేస్తే కొంచెం వదలాలి. రెండూ తిన్నగా వెనక్కి పారుతుంటే సరిగ్గా ఉన్నట్టు. చేటతో తూర్పారబట్టేటప్పుడు మనం పొట్టు ఎటు పోతోందో చూసి పక్కకు జరుగుతామే, ఆ చూపే ఇది.

అసలు పని మలుపులో ఉంది. గాలికి ఎదురుగా తిన్నగా పోలేరు కాబట్టి పడవ ఏటవాలుగా, ఒకసారి ఇటు ఒకసారి అటు పోవాలి. వెనక పిల్ల "రెడీ?" అంటుంది. ముక్కు గాలిని దాటిన క్షణంలో మా పిల్ల ఇటు తాడు వదిలి, తల వంచి బూమ్ కింద నుంచి దూరి అవతలికెళ్లి అటు తాడు లాగాలి. ముందే వదిలితే వేగం పోతుంది. వదలకుండా పట్టుకుంటే గాలి చాపకు వెనక నుంచి తగిలి, పడవ ఆగిపోవచ్చు, ఒరిగిపోవచ్చు. గంటసేపు ఒడ్డున నిలబడి లెక్కపెట్టాను. ఇరవైకి పైగా మలుపులు. ఒక్కసారీ తడబడలేదు. గుడ్డ పట్టుకుని కూర్చోవడం అంటే ఇదా!

బోల్తా సంగతీ అడిగాను. పడవను లేపేముందు ముందు చాప తాడును బిగింపులోంచి విప్పాలట. విప్పకపోతే లేవగానే గాలి పట్టి మళ్లీ పడుతుంది. ఆ రోజు నీళ్లలో ఉండి కూడా అది మరిచిపోలేదు మా పిల్ల. లైఫ్ జాకెట్ వేసుకుంది, ఈత వచ్చు, పక్కన మోటారు పడవలో సార్ ఉన్నారు. ఈ మూడూ ఉన్నాయని తెలిశాక నా భయం తీరింది.

ఇంటికొచ్చి వాళ్ల నానమ్మ పక్కన కూర్చుని ఇదంతా చెప్పాను. ఇంకో మాటా చెప్పాను. 2017 సెప్టెంబర్ 10న గోవాలో బయలుదేరి, 'తారిణి' అనే తెరచాప పడవలో భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నేవీ అధికారిణుల్లో విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య మన తెలుగు పిల్లలే. 2023లో చైనాలో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెయిలింగ్‌లో పాల్గొన్న ప్రీతి కొంగర మన తెలంగాణ అమ్మాయి. ఆమె నేర్చుకున్నదీ ఈ హుస్సేన్‌సాగర్ నీళ్లలోనే. పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "కొబ్బరినూనె రాసుకొని పొమ్మను" అంది. మా ఇంట్లో అనుమతి అంటే అదే!

ఒక ఇంటి చిట్కా కూడా వినండి. ఆట అయ్యాక చాపను మంచినీళ్లతో కడిగి, పిండకుండా నీడలో ఆరేసి, మడతలు పడకుండా చుట్టిపెడతారు. మన పాలిస్టర్ చీరలకూ ఇదే పద్ధతి మంచిది.

మీ ఇంట్లో పిల్ల ఏదైనా కొత్తది నేర్చుకుంటానంటే వద్దనే ముందు ఒక్కసారి వెళ్లి చూడండి. ఈత వచ్చా, జాకెట్ ఉందా, పక్కన పెద్దవాళ్లు ఉన్నారా అని అడగండి. అవన్నీ ఉంటే పంపండి. తాడు ఎంత లాగాలో, ఎప్పుడు వదలాలో పిల్లలకు నేర్పడానికి గురువు ఉన్నాడు. మనకే ఎవరూ నేర్పరు, చూసి నేర్చుకోవాలి. ఏమంటారు?