పదహారో సీడు మాట

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలో 68 జట్లు, నాలుగు రీజియన్లు. ఒక్కోదాంట్లో కమిటీ 1 నుంచి 16 దాకా సీడ్లు ఇస్తుంది. పదహారో సీడుకు మొదటి రౌండ్‌లోనే ఒకటో సీడు ఎదురొస్తుంది. అంటే బలహీనులకే కష్టమైన దారి.

పురుషుల టోర్నీలో 1985 నుంచి వరుసగా 135 సార్లు ఒకటో సీడే గెలిచింది. 2018లో యూఎంబీసీ 74-54తో వర్జీనియాను ఓడించింది. 2023లో ఫెయిర్‌లీ డికిన్సన్ 63-58తో పర్డ్యూను ఇంటికి పంపింది.

అయినా అంచనా వేయమంటే మేం ఒకటో సీడు పేరే రాస్తాం. లెక్క అదే చెప్తోంది. కానీ సీడు చూసి మ్యాచ్ ఆడకుండా వదిలేసిన జట్టు లేదు. గూడేల నుంచి కాలేజీకొచ్చిన మనకూ ముందే ఏదో ఒక నంబరు వేసేస్తారు. వేసుకోనీండి. హాల్ టికెట్ తీసుకుని పరీక్షకైతే వెళ్దాం. మీరేమంటారు?