పెరటి కొలనును కుక్కలును

చాంపియన్ రీఫ్సులో పుట్టి పెరిగినవారికి నీరు లెక్కపెట్టి వాడుకొనవలసిన వస్తువు. పాలారు మీది బేతమంగళము నుండి గొట్టములలో వచ్చు నీరే నాడు మాకు దిక్కు. లైన్లలో కొళాయి విప్పు వేళకు బిందెలు బారులు తీరెడివి. రాయి సహితము కాగియుండు లోతులలో పనిచేసి వచ్చిన మా తండ్రిగారు రెండు బకెట్లతో స్నానము ముగించెడివారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మా పెద్దవాడు వేకువ రైలులో బెంగుళూరు పోయి ఉద్యోగము చేసి, ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేట దాపున ఇల్లు కట్టుచున్నాడు. "నాయనా, పెరట్లో ఈతకొలను కట్టిస్తాము. కుక్కలు రెండున్నాయి కదా, ఎట్లాంటిది మేలు?" అని నన్నడిగినాడు. కాలమహిమ!

వృథా వ్యయమని త్రోసిపుచ్చుటకు మనసొప్పలేదు. మా ఊరి సైనైడు దిబ్బలను ఎరుగనివారు లేరు. రాతిని పిండిచేసి, సైనైడు ద్రావణముతో బంగారము తీసికొని, మిగిలిన మట్టిని దశాబ్దముల తరబడి పోసిన గుట్టలవి. వానలకు వాని అడుగున నిలుచు నీటిని ఏ జీవియు త్రాగరాదు. నీరు కనబడినంతనే దుముకు లాబ్రడారు కుక్కకు ఈ సంగతి ఎవరు బోధింతురు? ఇంట నీరున్నచో అది వీధి దాటదు.

అయినను కొలతలు చూడవలెను. ముప్పది అడుగుల పొడవు, పదునైదు వెడల్పు, ఐదు లోతు గల కొలనుకు దాదాపు 64 వేల లీటర్లు కావలెను. బోరుబావులు పాతాళమునకు దిగిన కోలారు జిల్లాలో ఇది చిన్న మాట కాదు.

నీటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ఈత వచ్చిన కుక్కయు మునుగును. పడినచోటనే గట్టెక్కజూచి, నున్నని గోడను గోళ్ళతో గీరి గీరి సొమ్మసిల్లును. ఇనుప నిచ్చెన దానికి పనికిరాదు. ఒక ప్రక్క వెడల్పైన మెట్లు కట్టి, కొలనులో ఏ మూలనున్నను అటు రావలెనని పలుమార్లు చేయిపట్టి నేర్పవలెను. పైన వదులుగా పరచిన టార్పాలిను మరియు ప్రమాదము. నేలయని అడుగుపెట్టి దాని క్రింద చిక్కుకొనును. చుట్టును కంచె, మూయు తలుపు ఉండవలెను. ప్లాస్టికు పొర పరచిన కొలను గోళ్ళకు చినుగును గనుక సిమెంటుదే మేలు.

ఇక పోషణ. కుక్క ఒంటి జిడ్డు, వెండ్రుకలు, కాళ్ళ మట్టి క్లోరినును త్వరగా హరించును. పది లక్షల పాళ్ళకు ఒకటి మొదలు మూడు పాళ్ళ క్లోరిను నిలుచుచున్నదా అని తరచుగా పరీక్షింపవలెను. దిగుటకు ముందు దువ్వుట, వెలికివచ్చిన పిదప మంచినీట కడిగి చెవులు తుడుచుట తప్పదు. ప్రక్కనే త్రాగునీటి గిన్నె ఉన్నచో కొలను నీరు త్రాగదు. మందుల డబ్బా తాళములో ఉండవలెను. వడపోతలో చిక్కిన వెండ్రుకలు తీయు పని ఎవరిదో ముందే తేల్చుకొనుట మంచిది; మా ఇంట అది నాకే వచ్చునని నాకు తెలియును.

కావున కుక్కలకు వేరుగా ఆరడుగుల పొడవు, నాలుగు వెడల్పు, ఒకటిన్నర లోతు గల సిమెంటు తొట్టి కట్టుమని చెప్పితిని. వేయి లీటర్లు చాలును. లాబ్రడారు నిలుచుండగలదు. మందు కలుపక, రెండు దినముల కొకసారి నీటిని మామిడి చెట్లకు వదలవచ్చును. ఎటులైనను వానికి పోయవలసిన నీరే గదా. పసిబిడ్డలున్న ఇంట దీనిపైనను గట్టి ఇనుప జాలి మూత ఉండవలెను.

తొట్టికి వాడు ఒప్పుకొన్నాడు. పిల్లలకు మాత్రము కొలను ఉండవలసినదేనని మా కోడలు పట్టుబట్టియున్నది. మేస్త్రీ రెండింటికిని ముగ్గు పోసి కూర్చున్నాడు.