మా భాషను ఏ గడిలో రాయాలి?

పోయిన ఆగస్టులో మా తండా నుంచి బడికి పోయే ఏడో తరగతి పిల్లకు వ్యాసరచన పోటీలో బహుమతి వచ్చింది. అంశం అందరికీ తెలిసిందే, భిన్నత్వంలో ఏకత్వం. సాయంత్రం ఆ కాగితం తెచ్చి మా అందరి ముందర చదివింది. హిమాలయాలున్నాయి, థార్ ఎడారి ఉంది, కేరళ కథాకళి, పంజాబ్ భాంగ్రా ఉన్నాయి. బాగానే రాసింది. అంతా అయ్యాక వాళ్ల దాదీ గోర్ బోలీలో అడిగింది, "ఇందులో మనం ఎక్కడున్నాం?" అని. పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మనది సిలబస్‌లో లేదు దాదీ" అంది.

మేం నవ్వాం. తర్వాత ఎవరం ఏం మాట్లాడలేదు. తప్పు పిల్లది కాదు. మేమంతా అదే వ్యాసం రాసి పెద్దయినవాళ్లమే.

మా తండా చందనవెల్లికి దగ్గర. మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు వచ్చేవాళ్లు ఆ రోడ్డుకు రెండు వైపులా మర్రిచెట్లను చూసే ఉంటారు. తొమ్మిది వందలకు దగ్గరగా ఉంటాయంటారు. రోడ్డు వెడల్పు చేస్తే అవి పోతాయని పట్నంలో చెట్ల ప్రేమికులు ఏళ్ల తరబడి కొట్లాడారు. మంచిదే. ఆ చెట్ల నీడన ఎద్దులను విప్పి, గంజి తాగి, మళ్లీ కదిలిన మా తాతల మాట మాత్రం ఆ కొట్లాటలో ఎవరికీ గుర్తుకు రాలేదు. రైళ్లు రాకముందు ఈ దేశంలో ఉప్పు, ధాన్యం మోసింది మా ఎద్దుల బిడార్లే. దాన్ని మేం లదేణి అంటాం. రైళ్లు వచ్చి లదేణి పోయింది. తర్వాత 1871 నాటి చట్టం కింద ఇంగ్లీషు వాళ్లు చాలాచోట్ల మా వాళ్లను నేరస్థ జాతుల్లో చేర్చారు. అలా తిరిగి తిరిగి ఎక్కడ ఆగిపోయామో అక్కడి పేరు మాకు పడింది. తెలంగాణలో లంబాడీలం, షెడ్యూల్డ్ తెగ. కర్ణాటకలో లంబాణీలం, అక్కడ షెడ్యూల్డ్ కులం. మహారాష్ట్రలో బంజారాలం, అక్కడ విముక్త జాతి. వికారాబాద్ దాటితే కర్ణాటక ఎంతో దూరం లేదు. సరిహద్దుకు అవతల పెండ్లి చేసిచ్చిన మా ఆడబిడ్డ సర్టిఫికెట్‌లో మరో మనిషి అవుతుంది. ఇంట్లో మాట్లాడే భాష మాత్రం అదే.

దేవుళ్ల విషయంలో మాకు పేచీ లేదు. మొయినాబాద్ దగ్గరి చిలుకూరు బాలాజీకి మా పిల్లలు పరీక్షల ముందర పోయి ప్రదక్షిణలు చేస్తారు. కొత్తూరు దగ్గర జహంగీర్ పీర్ దర్గాలో కందూరు చేసే ఇళ్లు మాలోనూ ఉన్నాయి. ఊర్లో పీర్లు లేస్తే చూడటానికి పోతాం. తండాలో రెండు ఇళ్లవాళ్లు ఆదివారం ప్రార్థనకు పోతారు. కొందరు హనుమాన్ మాల వేస్తారు. సేవాలాల్ మహరాజ్ సమాధి ఉన్న పోహ్రాగఢ్‌కు జీపు మాట్లాడుకుని పోయినప్పుడు ఆ జీపులో వీళ్లంతా ఉంటారు. ఎవరి దేవుడు గొప్ప అన్న వాదన వస్తుందా అంటే, వస్తుంది. కిరాయి పంచుకునేటప్పుడు వచ్చే వాదన ముందు అదేమంత పెద్దది కాదు.

మా పేచీ వేరు, అది లెక్కలో ఉంది. 2011 జనగణనలో జనం చెప్పిన మాతృభాషల పేర్లు 19,569. వాటిని వడపోసి, కలిపి, చివరికి 121 భాషలుగా చూపించారు. ఆ 121లో మా భాష లేదు. లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైగా, బంజారీ అని చెప్పినవాళ్లు 15 లక్షలకు పైగా ఉన్నారు. ఈ రెండింటినీ హిందీ కింద వేశారు. మా దాదీకి హిందీ రాదు. సినిమా పాటలు తప్ప మాకూ పెద్దగా రాదు.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఆ లెక్కలో మేం చాలామందిమి లేనే లేము. లెక్క రాసే సారు మంచం మీద కూర్చొని మాతృభాష ఏదని అడిగితే, "తెలుగు రాసుకోండి సార్" అని మేమే చెప్పాం. లిపి ఉంటేనే భాష, బడిలో చెబితేనే భాష అని మా మనసులో నాటుకుంది. గోర్ బోలీ ఇంట్లో మాట, అంతే అనుకున్నాం.

ఈ ఆలోచన కదిలింది ఒక కిరాయిదారు వల్ల. చందనవెల్లి చుట్టూ పరిశ్రమల పార్కు వచ్చాక ఒడిశా, బిహార్, జార్ఖండ్ పిల్లలు పనికి వచ్చి మా తండాల్లో గదులు తీసుకుంటున్నారు. వాళ్లలో ఒకరు జార్ఖండ్ సంతాల్. ఒక రాత్రి ఫోన్‌లో ఏదో చదువుతుంటే చూశాం. అక్షరాలు తెలుగు కావు, హిందీ కావు. ఓల్ చికి అన్నాడు. రఘునాథ్ ముర్ము అనే ఆయన 1925లో తమ భాషకు తయారుచేసిన లిపి అట. సంతాలీ 2003 రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూల్‌లోకి ఎక్కింది కూడా. "మీ లిపి ఏది?" అని అడిగాడు. తెలుగులో రాస్తామని చెప్పాం. కర్ణాటకలో కన్నడలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారని చెప్పాం. అతను జాలిగా చూశాడేమో అనిపించింది గానీ, చెప్పాక మాకే కొంచెం గర్వం కలిగింది. మూడు లిపుల్లో రాసుకునే భాష ఉత్త భాష ఎట్లా అవుతుంది? మన రమేష్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' కథలకు 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది కదా, అందులో తెలుగు వాక్యాల నడుమ మన మాటలు దర్జాగా కూర్చున్నాయి.

టీచర్లకు ఒక సంగతి గుర్తు చేస్తాం. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు అందులో మన బంజారా కూడా ఉంది. ఆ పుస్తకం మా బడి దాకా రాలేదు. ఈసారి జనగణన 2027 మార్చి 1 నాటి లెక్క. ఇంటింటికీ తిరిగేది మళ్లీ ఎక్కువగా మీరే. మంచం మీద కూర్చొని అడిగినప్పుడు, "తెలుగే కదా?" అని మీరే అందించకండి. ఒక్క నిమిషం ఆగండి.

భాష ఒక్కటే పోదు, దాంతో పాటు మాట అంటుకొని ఉన్న వస్తువూ పోతుంది. మా తండా వెనక కంచ ఉండేది. మోదుగ, తంగేడు, సీతాఫలం, బలుసు. మోదుగ పూలను మేం కేసూలా అంటాం, హోళీ రంగు వాటిదే. ఇప్పుడు అక్కడ ప్రహరీ గోడలు. పిల్లలకు కేసూలా అంటే చూపించడానికి పువ్వు లేదు, ఫోన్‌లో బొమ్మ చూపిస్తున్నాం. మా వాళ్లలో కొందరికి ఆ గోడల లోపలే పని దొరికింది, కాబట్టి గట్టిగా తిట్టలేం కూడా.

కంచ పోతే గొడ్లు పోతాయి. గొడ్లు పోతే సీత్లా పండుగ ఎట్లా? ఆషాఢంలో వేపచెట్టు కింద ఏడుగురు అక్కచెల్లెళ్ల పేరున ఏడు రాళ్లు నిలిపి, ఎదురుగా లుంకడియాను పెట్టి, నడుమ నుంచి మంద మొత్తాన్ని తోలుతాం. గొడ్ల మీద ఘూగ్రి చల్లుతాం. మందకు రోగం రాకూడదని చేసే పండుగ ఇది. మంద లేకుండా దేన్ని తోలుతాం?

ఈ ఏడు తండాలో మిగిలినవి మూడు ఆవులు. ఆ సంతాల్ పిల్లవాడు, "మా దగ్గర సొహరాయ్ పండుగకు ఆవుల కాళ్లు కడుగుతాం" అని చెప్పి, తనే ఒక ఆవును పట్టుకొచ్చాడు. మూడు ఆవులు దాటితే అరనిమిషం పట్టలేదు. దాదీ మొహం చిన్నబోయింది. అప్పుడే ఊరి కురుమ ఒకాయన గొర్లను తోలుకొని రోడ్డు మీద పోతున్నాడు. మాలో ఒకరు పరుగెత్తి, "మామా, ఒక్కసారి మా సీత్లా నడుమ నుంచి తోలరాదే" అని అడిగారు. ఆయన బీరప్పను కొలిచే మనిషి. ఒక్క క్షణం ఆలోచించి మందను మళ్లించాడు. నూటికి పైగా గొర్లు ఏడు రాళ్ల ముందర నుంచి దుమ్ము లేపుకుంటూ పోయాయి. బహుమతి వచ్చిన పిల్ల చేటలో ఘూగ్రి పట్టుకొని చల్లింది, సగం గొర్ల మీద, సగం కురుమ మామ తలపాగా మీద. ఆయన తలపాగా దులిపి, రాలిన జొన్నలు నోట్లో వేసుకొని, "ఇంటికి కొంచెం కట్టియ్యి బిడ్డా" అన్నాడు.