సరాయెవో చుట్టూ మంచుకొండలు

బోస్నియా రాజధాని సరాయెవో గిన్నె అడుగున ఒదిగిన పట్టణం. మిల్యాత్స్కా నది వెంబడి ఇళ్ళు, మస్జిదులు, చర్చీలు బారులు తీరి ఉంటాయి. తల ఎత్తితే ఎటు చూసినా కొండలే. ఆగ్నేయాన త్రెబెవిచ్ పట్టణాన్ని ఆనుకొని నిలుచుంటుంది. దాని వెనుక యాహొరినా. నైరుతిలో ఇగ్‌మాన్, దానిని దాటితే 2,067 మీటర్ల బ్యెలాష్నిత్సా. 1984 ఫిబ్రవరిలో శీతాకాల ఒలింపిక్స్ జరిగింది ఈ నాలుగింటి మీదనే. ప్రారంభానికి ముందు మంచు లేక నిర్వాహకులు దిగులుపడ్డారట. తీరా మొదలయ్యాక బ్యెలాష్నిత్సాపై మంచుతుఫాను విరుచుకుపడి పురుషుల డౌన్‌హిల్ పందెం పలుమార్లు వాయిదా పడింది.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే నా మేనల్లుడు ఈ కొండలను ఒక్క ప్రయాణంలో చుట్టి రావాలని సంకల్పించాడు. గాజీ హుస్రెవ్ బేగ్ 1537లో స్థాపించిన మద్రసాను చూడాలన్నది నా చిరకాల కోరిక. అలా మా ఇద్దరి దారులు కలిశాయి.

వాడి అభిరుచి స్నోబోర్డు. ఒకే పలక మీద రెండు పాదాలు బిగించుకొని మంచువాలు మీద జారే ఈ క్రీడ 1984లో ఒలింపిక్స్‌లో లేదు, 1998లో చేరింది. అందులోనూ వాడు అభ్యసించేది కార్వింగ్. పలకను పక్కకు వాల్చి, దాని ఉక్కు అంచును మంచులో దింపి, ఆ అంచు వంపును అనుసరించి మలుపు తిరగడమే కార్వింగ్. మంచు చెదరకూడదు. వెనుక సన్నని గాడి ఒక్కటే మిగలాలి. వాలు గరుకుగా ఉంటే ఇది కుదరదు గనుక, రాత్రి యంత్రాలతో చదును చేసిన బాట మీద తెల్లవారి లిఫ్టు తెరవగానే దిగాలి. మొదటి ఉదయం యాహొరినాపై వాడు గీసిన గాడులను చూసి, తఖ్తీ మీద నూన్ అక్షరపు వంపును దిద్దే పిల్లలు నాకు గుర్తుకు వచ్చారు.

ఇక వుజూ సమస్య. ఫిబ్రవరిలో అక్కడ మగ్రిబ్ ఐదు గంటల ప్రాంతానికే వస్తుంది. జుహ్ర్, అసర్ రెండూ కొండ మీదనే. వుజూతో తొడిగిన, చీలమండలను కప్పే, నీరు దిగని పాదరక్షపై మసహ్ చేయవచ్చు. ప్రయాణికునికి మూడు పగళ్ళు, మూడు రాత్రుల గడువు. అయితే దానితో చక్కగా నడవగలగాలి కూడా. తన గట్టి బూట్లు ఆ షరతును తీరుస్తాయని నిరూపించడానికి మేనల్లుడు హోటలు వరండాలో బాతులా నాలుగడుగులు వేశాడు. నేను ఒప్పుకోలేదు. మరునాడు బష్చర్షియా బజారులో బోస్నియా ముస్లిములు మెస్త్వె అని పిలిచే తోలు మేజోళ్ళు కొన్నాం. బూటులో కాస్త ఇరుకైనా వాటితో వాదం ముగిసింది.

యుద్ధకాలంలో శరణార్థిగా జర్మనీలో గడిపిన మా కారు డ్రైవరు జర్మన్‌లో చెప్పే మాటలను మేనల్లుడు నాకు వినిపించేవాడు. యాహొరినా దారి పాలె పట్టణం మీదుగా పోతుంది. యుద్ధకాలంలో బోస్నియా సెర్బు నాయకత్వం కొలువుదీరింది అక్కడే. డేటన్ ఒప్పందం 1995లో గీసిన గీత వల్ల నేడు యాహొరినా సెర్బు పాలిత భాగంలో ఉంది, బ్యెలాష్నిత్సా సమాఖ్య భాగంలో ఉంది. పాలె దగ్గరపడగానే డ్రైవరు మాటలు ఆపేశాడు. కొండ మీద మమ్మల్ని దింపి, సాయంత్రం దాకా కారులోనే కూర్చున్నాడు.

అక్కడ లిఫ్టు దగ్గర పనిచేసే సెర్బు యువకుడొకడు, నేను ఖిబ్లా వెతుక్కుంటూ నిలబడితే, సామాను గదిలో పొడి చోటు చూపించి తలుపు చేరవేసి వెళ్ళాడు. తిరుగు దారిలో ఆ సంగతి డ్రైవరుకు చెప్పాం. చాలాసేపు పలకలేదు. తరువాత, "వాడి వయసెంత?" అని అడిగాడు. ఇరవై ఉంటుందేమో అన్నాం. "అయితే అప్పటికి పుట్టలేదు, ఎఫెందీ" అన్నాడు.

బ్యెలాష్నిత్సా రోజున అతను తన పాత స్కీలు తెచ్చుకొని మాతో పాటే పైకి వచ్చాడు. శిఖరం మీద 1894లో కట్టిన వాతావరణ పరిశీలన కేంద్రం ఉంది. అక్కడి గాలికి మాట మాటకు అందదు. యుగొస్లావియా మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్ పతకాన్ని యూరె ఫ్రాంకో గెలిచింది ఈ వాలు మీదనే. డ్రైవరు మేనల్లుడికి పదే పదే చెప్పిన మాట ఒక్కటే: గుర్తులు పెట్టిన బాట దాటి తాజా మంచులోకి పోవద్దు. యుద్ధకాలపు మందుపాతరల భయం ఈ కొండల అడవులను ఇంకా వదలలేదు. మేనల్లుడు బాట అంచుకు పది గజాల ఇవతలే మలుపులు తిప్పుకున్నాడు. ఇగ్‌మాన్‌లో మేము చూసింది తక్కువ: పాడుబడిన దూకుడు గోపురాలు, తూట్లుపడిన న్యాయనిర్ణేతల కట్టడం, మంచులో నిలిచిన విజేతల మెట్టు.

చివరి రోజున స్నోబోర్డును హోటలులోనే వదిలి త్రెబెవిచ్ ఎక్కాం. 1959లో మొదలైన తీగమార్గం యుద్ధంలో ధ్వంసమై, 2018 ఏప్రిల్ 6న మళ్ళీ తెరచుకుంది. ఏడెనిమిది నిమిషాల ప్రయాణం. పైన, పైన్ చెట్ల నడుమ ఒలింపిక్ బాబ్‌స్లెడ్ కాంక్రీటు కాలువ రంగురంగుల బొమ్మలతో పడి ఉంది. ముట్టడిదారులు దీనినే ఫిరంగి స్థావరంగా వాడుకున్నారు. 1992 ఏప్రిల్ నుండి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు, కింది పట్టణం ఇటువంటి ఎత్తుల గురిలో బ్రతికింది. పదకొండు వేల మందికి పైగా చనిపోయారు.

అడవి అంచున నిలబడి కిందికి చూశాం. ఆకాశం నిర్మలంగా ఉంది. బేగ్ మస్జిద్ గుమ్మటం, దాని పక్కన మగ్రిబ్ వేళకు పన్నెండు చూపే గడియార గోపురం, ఎదుటి గట్టు మీద కొవాచీ షహీదుల తెల్లని సమాధి రాళ్ళు. మేనల్లుడు మా హోటలు వెతుకుతూ వేలు చూపించాడు. "అదిగో మామూ, మన కిటికీ," అన్నాడు. ఆ పైన వేలు దించుకొని, చేయి జేబులో పెట్టుకున్నాడు.